సుగ్గికి పోయిన పుస్తకాలు

కర్నూలు పుస్తకాల డిపోలో పనిచేసేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. ఏప్రిల్‌లో కరెహాళు బడి నుంచి తిరిగొచ్చిన పెట్టెను విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కట్టుకోకుండా విప్పినవాడు సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉంటాడు. ఏ పుస్తకం తెరిచినా మిరపకాయ ఘాటే. ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఎందుకిట్లా అని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మన ఆఫీసులు అంతే, తుమ్ముతాయి గానీ అడగవు.

అడిగి ఉంటే కృపమణి చెప్పేది. అడగకుండా తనంతట తాను చెప్పే మనిషి కాదామె.

కరెహాళు ఆదోనికి అవతల, కర్ణాటక అంచున ఉన్న ఊరు. నల్లరేగడి నేల. వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు. డిసెంబరు వచ్చేసరికి చేలల్లో పని అయిపోతుంది. అప్పుడు సగం ఊరు పిల్లాజెల్లాతో, చిప్పాచేటతో లారీలెక్కి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతుంది. ఆ పోకనే అక్కడ సుగ్గి అంటారు. మళ్ళీ ఉగాది ముందరే ఇల్లు చేరడం. బడి పిల్లల కోసం ఊళ్ళో సర్కారు హాస్టలు నడుపుతుంది గానీ, ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆ బిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల సుగ్గికి పోక తప్పదు.

ఆ ఊరి హైస్కూలులో లైబ్రరీ చూసేది కృపమణి. కాగితాల మీద ఆమె ఉద్యోగం అటెండరు. ఆ బడికి లైబ్రేరియన్ పోస్టు ఏనాడూ రాలేదు. పాతికేళ్ళ కిందట ఒక హెడ్మాస్టరు, పాత సైన్సు గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "ఇందులో పుస్తకాలుండాయి, ఎలుకలు కొట్టకుండా చూడు" అన్నాడు. ఆమె ఎలుకలను తరిమింది, చెదను దులిపింది, చిరిగిన అట్టలకు సిమెంటు సంచి కాగితం వేసి మైదాపిండితో అతికించింది. తర్వాత పిల్లలను పిలిచింది. పిలవమని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. గంట కొట్టడం, నీళ్ళ ట్యాంకు నింపడం లాంటి తన పనులు ఎటూ తప్పవు. అవి అయ్యాక గది తెరిచి కూర్చునేది. పిల్లలు ఆమెను లైబ్రరమ్మ అంటారు. జీతం రశీదులో ఆ మాట లేదు.

తర్వాత కొన్నేళ్ళకు ఢిల్లీ పెట్టె వచ్చింది. దేశమంతటా బడులకు పుస్తకాలు అరువిచ్చే సర్కారు పథకం అది. దాని అసలు పేరు ఏడు మాటల పొడవుంటుంది కనక ఎవరికీ గుర్తుండదు. జూన్‌లో కర్నూలు డిపో నుంచి బస్సులో ఒక ఇనుప పెట్టె వస్తుంది. అందులో రెండు వందల కథల పుస్తకాలు. ఏప్రిల్ ఆఖరున దాన్ని తిప్పి పంపితే, వచ్చే ఏడాది వేరే రెండు వందలు వస్తాయి. బస్సు దిగేది కర్నూలు పెట్టే అయినా, పిల్లలకు మాత్రం అది ఢిల్లీ పెట్టె. పుస్తకాల షాపు చూడాలంటే ఆదోని దాకా పోవాల్సిన ఊరికి ఆ పెట్టె ఒక్కటే దిక్కు.

సుగ్గికి పోయే పిల్లలు లారీ ఎక్కే ముందు లైబ్రరీ కిటికీ దగ్గరికి వస్తారు. కృపమణి తలా ఒక పుస్తకం ఇస్తుంది. ఎప్పుడు తిరిగివ్వాలని వాళ్ళు అడగరు, ఆమె చెప్పదు. ఉగాదికి వాళ్ళు వస్తారు, వాళ్ళతో పుస్తకమూ వస్తుంది. పెట్టె తిరిగి పోయేది ఏప్రిల్ ఆఖరున గనక ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. పుస్తకానికి ఘాటు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా.

అట్లా ఇవ్వడం వెనక ఒక పాత కథ ఉంది. ఆరో తరగతిలో ఉన్నప్పుడు కృపమణి కూడా అమ్మ జీవమ్మ వెంట సుగ్గికి పోయింది, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి. పోతూ పోతూ బడి పుస్తకం ఒకటి పట్టుకుపోయింది. చెప్పకుండా వచ్చిన వానకు గుడారం కురిసి, పుస్తకం తడిసి ముద్దయింది. ఆ పిల్ల దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, జొన్నల గుమ్మి వెనక దాచి, భయంతో బడికి పోవడమే మానేసింది. నాలుగు నెలలు. చివరికి బడిలో చదువు చెప్పే ఏసేపు సారు ఇంటికే వచ్చాడు. జీవమ్మ గుమ్మి వెనక నుంచి ఆ ముద్ద తీసి ఇచ్చి, తల వంచుకుని నిలబడింది. సారు ఒక్కో పేజీ మెల్లగా విడదీసి చూశాడు.

"అచ్చరాలన్నీ ఉండాయి కదమ్మా," అన్నాడు. "ఇంగ పోయిండేది ఏంది?"

పుస్తకానికి ఏమీ కాలేదు. పిల్లకు మాత్రం ఒక ఏడాది చదువు పోయింది. కృపమణి పదో తరగతితో ఆగిపోవడానికి అది కూడా ఒక కారణం. ఆ మాట ఎవరితోనూ అనదు గానీ, గడువు అనే మాట చెవిన పడితే ఇప్పటికీ ఆమెకు ఆ గుమ్మి చాటే గుర్తొస్తుంది.

కిందటి నవంబరులో కర్నూలులో మీటింగు పెట్టారు. పథకం మారిపోయిందన్నారు. జిల్లాల నుంచి లైబ్రరీ చూసేవాళ్ళంతా వచ్చారు. డిపోకు కొత్తగా వచ్చిన ఆఫీసరు సుప్రజ, ముప్పై ఏళ్ళుంటాయో లేదో, తెర మీద బొమ్మలు చూపిస్తూ మర్యాదగానే వివరించింది. ఇకమీదట ప్రతి పుస్తకానికీ ఒక గీతల చీటీ. ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి ఫోనుతో దాన్ని స్కాన్ చేయాలి. గడువు ఇరవై ఒక్క రోజులు. జనవరి ఆఖరు రోజున గడువు దాటిన పుస్తకాలు పదికి మించి ఉంటే, ఆ బడికి వచ్చే ఏడాది పెట్టె రాదు.

"పెట్టె కోసం ఎదురుచూస్తున్న బడులు ఇంకా శానా ఉన్నాయండీ," అంది సుప్రజ. "చదివేవాళ్ళకే అందాలని ఈ మార్పు."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అదే చిక్కు. మంగంపేట దిక్కు నుంచి వచ్చిన యేసుప్రసాద్ లేచి, గనుల పక్కన తమ బడిలో ఫోనుకు సిగ్నలే దొరకదని, స్కాన్ చేయాలంటే పుస్తకాలు మోసుకుని గుట్టెక్కాలని చెప్పాడు. ఇంకొకరు తమ బడికి కరెంటే సరిగా ఉండదన్నారు. ఆత్మకూరు నుంచి వచ్చినావిడ, చదవడం నెమ్మదైన పిల్లకు ఇరవై ఒక్క రోజులు ఎట్లా సరిపోతాయని అడిగింది. సుప్రజ అన్నీ రాసుకుంది.

కృపమణి రెండుసార్లు లేవబోయి రెండుసార్లూ కూర్చుంది. మా పుస్తకాలు మూడు నెలలు మిరపచేలల్లో ఉంటాయని పదిమంది ముందు చెబితే, ఇకమీద ఇవ్వొద్దంటారేమో అని భయం. చెప్పకపోతే జరుగుబాటవుతుందేమో అని ఆశ. భోజనాలకు లేచారు, ఫోటో తీశారు, మీటింగు అయిపోయింది. తిరుగు బస్సులో ఆదోని దాకా తనను తాను తిట్టుకుంటూనే వచ్చింది.

ఈ ఏడాది సుగ్గి పిల్లలకు పుస్తకాలు ఇవ్వకూడదని డిసెంబరు మొదట్లో గట్టిగా అనుకుంది. ఆ గట్టితనం లారీలు వచ్చే దాకే నిలిచింది. కిటికీ దగ్గర మొదట నిలబడింది ఏడో తరగతి తనూజ. చంకలో ఏడాది తమ్ముడు.

"లైబ్రరమ్మా, లావు పుస్తకమియ్యి. పోయినేడు సన్నది ఇస్తివి, వారానికే అయిపాయె."

కృపమణి లావు పుస్తకమే వెతికి ఇచ్చింది. ఆ సాయంత్రానికి ముప్పై నాలుగు పుస్తకాలు లారీలెక్కాయి.

జనవరిలో హెడ్మాస్టరు హర్షవర్ధన్ ఫోను తెరిచి చూస్తే తెరంతా ఎర్రగా ఉంది. కుర్రవాడు, మంచివాడు, ఈ బడికి వచ్చి రెండేళ్ళే. పెట్టె పోతుందేమోనని అతనికీ బెంగే.

"ముప్పై నాలుగు గడువు దాటాయమ్మా. దీంట్లో కారణం రాయమంటోంది. పోయింది, చిరిగింది, తడిసింది, ఈ మూడే ఉన్నాయి. ఏం పెట్టమంటారు?"

"అవేవీ కావు సార్. చదువుతాండారు."

"ఆ గడి లేదు కదమ్మా."

 పోయి పుస్తకాలు తెస్తానంది కృపమణి. ముప్పై నాలుగిట్లో ఇరవై నాలుగు తెచ్చినా చాలు, పెట్టె నిలబడుతుంది. సెలవు చీటీ రాసి, రెండు ఖాళీ గోతాలు మడిచి సంచిలో పెట్టుకుని, ఆదోనిలో రైలెక్కింది. దారి పొడుగునా ఆమె లెక్కలేసుకుంటూనే ఉంది. ముప్పైమంది పిల్లల దగ్గర లాక్కుంటే, వచ్చే జూన్‌లో మూడు వందలమందికి పెట్టె ఉంటుంది. లెక్క ఎట్లా వేసినా తనదే న్యాయమని తేలుతోంది. అయినా మనసుకు నెమ్మది లేదు.

నరసరావుపేట దాటి ఇంకొక బస్సు, ఆపైన ఒక ఆటో. కాలవ గట్టున వరసగా నీలిపట్టాల గుడారాలు. ఎండలో ఆరబోసిన మిరపకాయలతో నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఆటో దిగీ దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. చెట్టు కింద తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఆడిస్తున్న పిల్లలు ఆమెను చూశారు. చంకనున్న సంచిని చూశారు. అంతే, బిడ్డలనెత్తుకుని పరుగు.

"లైబ్రరమ్మ వచ్చినాది. పెట్టె తెచ్చినాది."

ఎవరి గుడారంలోకి వాళ్ళు దూరి, ఎవరి పుస్తకం వాళ్ళు పట్టుకొచ్చి, బడి కిటికీ దగ్గర నిలబడినట్టే వరస కట్టారు. ఉన్నవన్నీ ఒకరివొకరు మార్చుకుని రెండు రెండు సార్లు చదివేశారట. లైబ్రరమ్మ వీటిని మార్చి కొత్తవి ఇవ్వడానికే వచ్చిందని వాళ్ళకు అనుమానమే లేదు. సంచిలో ఉన్నవి ఖాళీ గోతాలని ఆ పిల్లలతో ఏ నోటితో చెప్పాలి. కృపమణి నీళ్ళడిగి తాగింది. తర్వాత, తనూజ ఎక్కడుందని అడిగింది.

"చేనులో ఉండాది. సదువుతాంది," అన్నారు పిల్లలు.

చేనులో చదవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. గట్టు మీదుగా పోయి చూసింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఎనిమిది సాళ్ళలో వంగి కాయలు కోస్తున్నారు. వాళ్ళ మధ్య సాలులో తనూజ వీపున తమ్ముణ్ణి కట్టుకుని, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, చేతిలోని లావు పుస్తకం బిగ్గరగా చదువుతోంది. ఆడవాళ్ళు ముందుకు కదిలేకొద్దీ ఆ పిల్ల వెనక్కి నడుస్తోంది. ఒక్క మాట కూడా తప్పిపోకుండా అందరికీ కథ అందుతోంది. సాలు చివర గట్టున ఆ పిల్ల గంప ఉంది. సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ఆడమనిషి తన గంపలో నుంచి రెండు దోసిళ్ళ కాయలు తీసి ఆ గంపలో పోస్తోంది.

తనూజ వాళ్ళమ్మ ఈరమ్మ నడుం నిమురుకుంటూ లేచింది.

"నువ్వా మణక్కా, ఇంత దూరం వచ్చినావే. ఏంలే, పిల్ల సదివితే దాని కోత ఆగిపోతాంది కదా. కూలేమో గంప తూకాన్ని బట్టి. అందుకే తలా రెండు దోసిళ్ళు పోస్తాండాం. మాకేమో కత అయితాది, దానికేమో గంప నిండుతాది."

"మొదాల ఎవరు పోసినారు?"

"నేనే పోస్తి. కన్నతల్లిని కదా, నేను పోయకుంటే ఇంగొకరు పోస్తారా." తర్వాత గొంతు తగ్గించి అంది. "చేను రెడ్డి తిడతాడేమో అనుకుంటిమి. ఇప్పుడు ఆయప్ప గూడా గట్టు మీద కూచోని ఇంటాండాడు."

కృపమణి గట్టు మీద కూర్చుండిపోయింది. ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. మిరపకాయలు కదా, అక్కడ కన్నీళ్ళు వస్తే ఎందుకని ఎవరూ అడగరు. తన అమ్మ జీవమ్మ కూడా ఇట్లాంటి సాళ్ళలోనే వంగి వంగి కోసింది. ఆమెకు ఎవరూ ఒక్క కథ చదివి పెట్టలేదు. చదవగలిగిన కూతురు మాత్రం తడిసిన పుస్తకాన్ని దాచుకుని నోరు మూసుకుంది. ఆ సంగతి అంతగా తలుచుకున్నది బహుశా ఆ రోజే.

గోతాలు సంచిలో నుంచి బయటికే రాలేదు.

గుడారాల దగ్గర సిగ్నలు లేదు. చెరువు కట్ట పక్కన నిలిపిన ట్రాక్టరు తొట్టిలో నిలబడితే వస్తుందని పిల్లలే చెప్పారు. యాభై ఏడేళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు దోపి, చక్రం మీద కాలు పెట్టి ఆ తొట్టెక్కింది. ఒక్కో పిల్ల పుస్తకం అందిస్తుంటే గీతల చీటీకి ఫోను చూపించి మొదట వచ్చినట్టు నొక్కింది. ఆ వెంటనే మళ్ళీ ఇచ్చినట్టు నొక్కింది, ఈసారి అవతలి పిల్ల పేరు మీద. ఇరవై తొమ్మిది పుస్తకాలు. మిగిలిన ఐదూ ఇంకా ముప్పై మైళ్ళ అవతల, వేరే గుంపు దగ్గర ఉన్నాయి. ఐదు పదికి లోపలే. కొత్తవి తేలేదని చిన్నబోయిన పిల్లలకు, సాయంత్రం బస్సు వేళ దాకా తనకు తెలిసిన కథలన్నీ చెప్పింది.

జనవరి గడిచింది. ఫిబ్రవరి మొదటి వారంలో కర్నూలు నుంచి ఫోను. సుప్రజ.

"అమ్మా, మీ బడి లెక్క చూస్తున్నాను. ఒకే రోజు ఇరవై తొమ్మిది పుస్తకాలు వచ్చాయి, ఒక్క నిమిషం తేడాతో మళ్ళీ పోయాయి. అదీ పల్నాడులో ఒక చెరువు కట్ట మీద. ఏంటమ్మా ఇది?"

ఫోను స్కాన్ చేసిన చోటు కూడా రాసుకుంటుందని కృపమణికి తెలియదు. హర్షవర్ధన్ పక్కనే ఉన్నాడు. సారును మాట్లాడమందామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నవంబరు మీటింగులో లేవబోయి కూర్చున్నది గుర్తొచ్చి, లేచి నిలబడి మొదలుపెట్టింది. సుగ్గి సంగతి, కిటికీ సంగతి, గుమ్మి వెనక దాచిన పుస్తకం సంగతి, వెనక్కి నడుస్తూ చదివే పిల్ల సంగతి, రెండు దోసిళ్ళ సంగతి, అన్నీ చెప్పింది. పాతికేళ్ళ మాటలు ఒక్కసారే బయటపడ్డాయి. 

"మేడం, తప్పు నాది," అంది కృపమణి చివరికి. "మీటింగులోనే చెప్పల్ల. భయపడితి. పిల్లోళ్ళది ఏం తప్పు లేదు, పెట్టె మాత్రం నిలపొద్దు."

"డిపోలో అందరూ మీ పెట్టె గురించి జోకులు వేస్తుంటారమ్మా," అంది సుప్రజ. గొంతు కొంచెం మారింది. "నేనూ నవ్వాను."

తర్వాత మళ్ళీ ఆఫీసరు గొంతుతోనే చెప్పింది. బడి దాటి పోయిన పుస్తకం నిబంధన ప్రకారం పోయినట్టే లెక్క, దాన్ని తను మార్చలేదు. అయితే హాస్టళ్ళకూ గూడేలకూ ఉప కేంద్రం పెట్టుకునే వీలు ఒకటి ఉంది. ఉప కేంద్రంలో ఉన్న పుస్తకానికి గడువు మూడు నెలలు. మిరపచేను ఉప కేంద్రం కాకూడదని ఎక్కడా రాసి లేదు. ఫారం పంపిస్తుంది. పుస్తకాలకు బాధ్యత వహించే పెద్దమనిషి ఒకరు సంతకం పెట్టాలి. మార్చి ఆఖరులోపు అందితే పెట్టె ఆగదు.

ఉగాదికి వారం ముందు లారీలు వచ్చాయి. పిల్లలు మూటలు ఇళ్ళలో పడేసి లైబ్రరీ కిటికీ దగ్గరికి వచ్చారు. దూరపు గుంపులో ఉన్న ఐదు పుస్తకాలూ వచ్చాయి. గది నిండా తుమ్ములు. వాళ్ళ వెనకాలే, పిలిపిస్తే వచ్చిన ఈరమ్మ గడప అవతల చెప్పులిడిచి ఆగిపోయింది. ముప్పై ఐదేళ్ళుగా అదే ఊళ్ళో ఉంటోంది, ఆ గదిలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

"లోపలికి రా ఈరమ్మా," అని కృపమణి తన కుర్చీ ఆమె వైపు జరిపింది. ఫారం బల్ల మీద పరిచింది.

సంగతి విన్నాక ఈరమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నాకు సదువు యాడిది మణక్కా. మా గుంపు మేస్త్రీ గిడ్డయ్యనన్నా పిల్చకరాపో, ఆయప్ప సంతకం చేస్తాడు."

"గిడ్డయ్య సంతకమైతే చేస్తాడు. మొదాల రెండు దోసిళ్ళు పోసింది నువ్వు కదా."

ఈరమ్మ కుర్చీలో కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడే చెయ్యి చాపింది. కృపమణి ఆ బొటనవేలు పట్టుకుని సిరా అద్ది కాగితం మీద ఒత్తింది. మూడు నెలలు కాయలు తెంపి అరిగిపోయిన వేలు, గీతలేవీ పడలేదు. వట్టి నీలిమచ్చ పడింది. ఇంకొకసారి ఒత్తింది. తనూజ వంగి చూసి, వాళ్ళమ్మ వేలిని తన లంగా అంచుతో తుడిచి, "ఇప్పుడు గట్టిగా ఒత్తమ్మా" అంది. మూడోసారికి రెండు గీతలు కనబడ్డాయి.

దాని పక్కన, బాధ్యురాలు అన్న గడిలో, తనూజ వాళ్ళమ్మ పేరు రాసింది.